కందెన పెట్టిన గిలక

కిర్రుమనే చప్పుడు నాకు పడదు. మోటర్లు బాగుచేసి బతికేవాణ్ణి. బేరింగు అరుస్తోందంటే లోపల ఏదో అరిగిపోతోందని అర్థం, దాన్ని చూసుకోవాల్సినవాడు చూసుకోవడం లేదని అర్థం. ఎవరింటికి పోయినా తలుపు బందు కిర్రుమంటే నా చెయ్యి ఊరుకోదు, ఇంత నూనె అడిగి పుచ్చుకుని వేసి వస్తాను. అలాంటివాణ్ణి ఇప్పుడు ప్రతి శుక్రవారం ఆ చప్పుడే వింటూ కూర్చుంటున్నాను.

నేనుండేది సౌదీలోని ఉనైజాలో, ఊరి బయట ఒక ఖర్జూరం తోటలో. జగిత్యాల దిక్కు నుంచి వచ్చాను. మొదట రియాద్‌లో కంపెనీ క్యాంపులో పడి ఉన్నాను, తర్వాత ఈ తోటకు మారాను. బోరు, మోటర్లు, చెట్లకు నీళ్లు పోయే పైపులు, ఇవన్నీ నా పని. తోట మా కఫీల్‌ది, అంటే ఈ దేశంలో నాకు పూచీ ఉన్న యజమానిది. ఇక్కడ ఉండనిచ్చే కార్డు, నా ఇకామా, ఆయన పేరు మీదే ఉంది. ఆయన తండ్రి ముసలాయన కూడా అక్కడే ఉండేవాడు, ఎనభై దాటినవాడు, రెండు కళ్లూ పూర్తిగా పోయాయి. తోటలో పనిచేసేవాళ్లమంతా ఆయన్ని బాబా అని పిలిచేవాళ్లం.

బాబాకు ఒక అలవాటు ఉండేది. రోజూ సాయంత్రం అసర్ నమాజు అయ్యాక కర్ర పొడుచుకుంటూ మోటరు గదికి వచ్చేవాడు. ఎవరినీ చెయ్యి పట్టుకోనిచ్చేవాడు కాదు. వచ్చి, మోటరు ఒంటి మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేవాడు. వేడిగా ఉంటే "ఇవాళ చెట్లు కడుపు నిండా తాగాయి" అని నవ్వేవాడు. చల్లగా తగిలిందో, ఇక చూడాలి నా గతి.

"పొద్దున్నుంచి నిద్రపోయావా, హిందీ?" అని అరిచేవాడు. ఇక్కడ మన దేశంవాళ్లందరినీ హిందీ అనే అంటారు.

నేనూ తగ్గేవాణ్ణి కాదు. "కరెంటు పోయింది బాబా, నా మీదెందుకు పడ్తవ్?" అనేవాణ్ణి, నాకు వచ్చిన అరబ్బీలో.

"కరెంటు పోలేదు, నీ బద్ధకం పోలేదు" అనేవాడాయన. కొడుకు చెప్పినా నమ్మేవాడు కాదు. కళ్లు పోయాక ఆయన నమ్మకమంతా ఆ అరచేతిలోనే ఉండేది. నాకొచ్చిన అరబ్బీ సగానికి పైగా ఆయనతో పోట్లాడి నేర్చుకున్నదే.

తోటలో ఒక మూల రాతి కట్టడం బావి ఉంది. మోటర్లు వచ్చి భూమి లోపలి నీళ్లన్నీ తోడేశాక అది ఎండిపోయింది. ఆ బావి దగ్గరకు మా కఫీల్ స్నేహితులు కొందరు శుక్రవారాలు రావడం మొదలుపెట్టారు. అందరికీ ఒకటే పిచ్చి. తాతల కాలంలో ఒంటెల చేత బావిలోంచి నీళ్లు తోడించేవారు కదా, దాన్ని వాళ్లు సవానీ అంటారు, అదంతా ఉన్నదున్నట్టు మళ్లీ చేసి చూడాలి. ఒకాయన బడిలో చరిత్ర చెప్పే పంతులు. ఇంకొకాయన మందుల షాపులో ఉంటాడు, చేతిలో ఉలి ఆడుతుంది. మిగతావాళ్లు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు. ఇందులో పైసా వచ్చేది లేదు, పైగా పోయేది.

మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఏసీ కార్లలో దిగేవాళ్లు, దిగి ముతక బట్ట చొక్కాలు తొడుక్కునేవాళ్లు. బావి చుట్టూ తాడు కట్టారు, ఆ తాడు దాటితే చేతికి వాచీ ఉండకూడదు, ప్లాస్టిక్ సీసా ఉండకూడదు, కాళ్లకు బూట్లు ఉండకూడదు. ఎండిన బావిలో నీళ్లెట్లా అని వాళ్లలో వాళ్లకు పెద్ద తగవు. పైపు వేసి నింపితే దొంగాట అవుతుందని ఒకడు, నీళ్లు ఎక్కడివైతేనేం, తోడటం నిజమైతే చాలని పంతులు. చివరికి పంతులే గెలిచాడు. నింపడానికి నన్ను పిలిచారు. నేను పైపు వేశాను, బావిలో నీళ్లు నిలబడ్డాయి, నా పని అయిపోయింది, వెనక్కి తిరిగాను.

అప్పుడు పంతులు అడిగాడు, సగం అరబ్బీ, సగం సినిమాలు చూసి నేర్చిన హిందీ కలిపి: "మీ ఊళ్లో ఎలా తోడేవాళ్లు?"

నేను నిలబడిపోయాను. ఈ దేశానికి వచ్చాక ఇది చెయ్యి, అది తే, ఎందుకు చెయ్యలేదు అన్నవాళ్లే తప్ప, మీ ఊళ్లో ఎట్లా అన్నవాడు అతనొక్కడే. మా నాయన మోట కొట్టేవాడని చెప్పాను. తోలు బొక్కెన, దానికి తొండం, పెద్ద మోకు, కిందికి దిగే ఏటవాలు బాట, జోడెడ్లు. నేల మీద గీసి చూపించాను. ఎడ్లు దిగుతుంటే మోకు మీద కూర్చుని మేం ఊగేవాళ్లమని కూడా చెప్పాను. అందరూ నా చుట్టూ మూగారు. మాది కూడా ఇదే కదా అని ఒకడు నా వీపు మీద చరిచాడు. ఆ పూట నాకూ ఒక ముతక చొక్కా ఇచ్చారు.

గదిలో నాతో ఉండే అన్న నిర్మల్ దిక్కు ఆయన, చెట్లెక్కి ఖర్జూరం గెలలు కట్టే పని. నన్ను ఆ చొక్కాలో చూసి పడీపడీ నవ్వాడు.

"చేన్ల దిష్టిబొమ్మ లెక్క కొడ్తున్నవ్ రా. ఓవర్‌టైం ఇత్తరా?"

"ఇయ్యరు."

"బువ్వ పెడ్తరా?"

"గావా కాఫీ పోత్తరు, ఖజ్జూరపండ్లు పెడ్తరు."

"అరె, పొద్దంత ఆ పండ్ల నడుమనే సత్తున్నం గదరా! వారానికొక్క సెలవు, రియాద్‌ల బతా బజారుకు పోయినట్టు ఈడ గుడ మంచిగ బజారుకు పోయి నాలుగు ముచ్చట్లు పెట్టుకోక, ఎందుకు పోతున్నవ్? పిచ్చి లేసిందా?"

"పో అన్నా, నీకు సమజ్ గాదు" అన్నాను. నాకు మాత్రం సమజైందా ఏమన్నా! వెళ్లాలనిపించేది, వెళ్లేవాణ్ణి.

మాకు నేర్పేవాడు ఎవడూ లేడు. అదే దానిలో మజా. ఒకడు ఫోనులో ఏదో పాత వీడియో చూసి వచ్చేవాడు, ఇంకొకడు ఎవరో ముసలమ్మ చెప్పిందని వచ్చేవాడు, నేను మా నాయన్ని తలుచుకునేవాణ్ణి. ముగ్గురివీ మూడు దార్లు. అరుచుకునేవాళ్లం, ఏదో ఒకటి చేసేవాళ్లం, చెడిపోయేది, నవ్వుకునేవాళ్లం, వచ్చే శుక్రవారం చూద్దాం అనుకుని విడిపోయేవాళ్లం. మొదటిసారి కుట్టిన తోలు బొక్కెన జల్లెడ లాగా కారింది. ఖర్జూరం పీచుతో పేనిన తాడు మధ్యలో పుటుక్కున తెగి, పట్టుకున్నవాళ్లంతా వెల్లకిలా పడ్డారు.

నా వంతు కూడా వచ్చింది. మా వైపు ఎడ్లు మోకు లాగుతూ బాట దిగి, మళ్లీ వెనక్కి వెనక్కి నడుస్తూనే పైకి వస్తాయి. నేను పుట్టి బుద్ధెరిగిన కాడినుంచి చూసింది అదే. అద్దెకు తెచ్చిన ఆడ ఒంటెను కూడా అలాగే వెనక్కి నడిపించమన్నాను. ఒంటెను తోలుకొచ్చిన సూడాన్ మనిషి వద్దన్నాడు, నేను వింటేనా! "నాకు దెలుసు, నువ్వు పట్టు" అని దాని ముట్టె మీద చెయ్యి పెట్టి నెట్టాను. అది నన్ను ఒక చూపు చూసింది. చూసి, బాట మధ్యలో మడత మంచంలా కూలబడింది. ఇక లేవదు. సాయంత్రం దాకా బతిమాలినా లేవలేదు. ఆఖరికి తెలిసిందేమంటే ఇక్కడ జంతువును అడుగున తిప్పి ముందుకే నడిపించి తెస్తారట. పంతులు కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు. తర్వాత ఎన్ని వారాలు ఎదురుపడినా వెనక్కి రెండడుగులు వేసి సలాం చెప్పేవాడు. నాకు కోపం రాలేదు. మా ఊళ్లో నన్ను ఎవరైనా అలా ఆటపట్టించి ఎన్నాళ్లయిందో!

ఆ చలికాలం మొదట్లో బాబా ఆసుపత్రిలో పడ్డాడు. ఊపిరి అందేది కాదు. ఇంటికి తెచ్చాక కూడా మనిషి సగమైపోయాడు, అయినా మోటరు గదికి రావడం మానలేదు. ఒక సాయంత్రం చల్లగా ఉన్న మోటరు మీద చెయ్యి ఆనించాడు. తిట్టలేదు. నాకు భయమేసింది.

"హిందీ, నేను పోయేలోగా ఆ బావి ఒక్కసారి నడిస్తే చాలు" అన్నాడు. "చిన్నప్పుడు దాని పక్కనే పెరిగాను. మా నాన్న నడిపాడు, నేను నడిపాను. నీ మోటరు వచ్చి నోరు నొక్కేసింది."

ఆ మాట నేనే వెళ్లి వాళ్లకు చెప్పాను. కఫీల్ ముఖం తిప్పుకున్నాడు. అప్పటిదాకా ఆడుతూ పాడుతూ చేస్తున్న పనికి ఒక్కసారిగా వేడి తగిలింది. ఏమైనా సరే, బాబా ఉండగా బావి నడవాలి. ఆయనకు మాత్రం ముందే చెప్పకూడదు, తీసుకొచ్చి కూర్చోబెట్టి ఆశ్చర్యపరచాలి. ఇది అందరి మాటా. నేనూ తలూపినవాణ్ణే. బావి ఎరిగిన మనిషి ఒక్కడు పక్కనే ఉండగా, ఆయన్ను తప్ప లోకంలో అందరినీ అడిగాం.

అన్నీ కుదిరాయి. గిలక ఒక్కటే మిగిలింది. మందుల షాపాయన అథల్ కర్రతో చెక్కాడు. ఆ చెట్టును ఇక్కడ తోటల చుట్టూ ఇసుకకు అడ్డంగా పెంచుతారు. ఒక కాఫీ హోటల్లో గోడకు అలంకారంగా పెట్టిన విరిగిన గిలకను కొలిచి కొలిచి నెలల తరబడి చెక్కాడు పాపం. దాన్ని బావి మీద ఎక్కించి, ఒంటెను కదిలించగానే మొదలైంది అరుపు. చంటిపిల్లను గిల్లినట్టు ఒకటే ఏడుపు, తోట ఆ చివరిదాకా. అందరం చెవులు మూసుకున్నాం. ఒంటె కూడా బెదిరింది. మందుల షాపాయన సిగ్గుతో చచ్చిపోయాడు, ఎక్కడో వంకర పోయిందని.

మాలో ఎవడూ ఇక్కడి గిలక అసలు చప్పుడు విన్నవాడు కాదు. వాళ్లంతా మోటర్లు వచ్చాక పుట్టినవాళ్లే. చూసిన వీడియోలన్నిటికీ పైన పాటలు తగిలించి ఉండేవి. అందరూ నావైపు తిరిగారు.

"ఉస్తాద్, నువ్వు మెకానిక్ కదా. దీని నోరు మూయించు" అన్నాడు పంతులు.

నాకంటే సంతోషించినవాడు ఉంటే చూపించండి! మా నాయన బండి కింద కందెన గొట్టం ఎప్పుడూ వేలాడేది. ఇరుసు కిర్రుమంటే ఎడ్ల ఉసురు తగులుతుందనేవాడు. మోట గిలకకూ అంతే, అరవకముందే ఆముదం పోసేవాడు. అదీగాక నాది మోటర్ల చెయ్యి. బేరింగులకు పెట్టే గ్రీజు తెచ్చాను, పొయ్యి మీద కరిగించాను, నీళ్లలా పలచన చేసి ఇరుసు తొర్రలో పోశాను. కర్ర దాహంగా తాగింది. మళ్లీ పోశాను, మళ్లీ తాగింది. తర్వాత ఒంటె నడిచింది, గిలక తిరిగింది, కిక్కురుమంటే ఒట్టు. వెన్నలో వేలు తిప్పినట్టు తిరిగింది. మందుల షాపాయన వచ్చి నా నుదుటి మీద ముద్దు పెట్టాడు. గదికి వచ్చి అన్నకు చెప్పుకుని మురిసిపోయాను. ఈ దేశంలో నేను అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకోటి గుర్తు లేదు.

ఆ శుక్రవారం బాబాను చక్రాల కుర్చీలో తెచ్చారు. ఊరికే తోటకు పోదాం రమ్మన్నారట. మంచి ఎండ, చలి విరిగింది. బావికి దగ్గరగా కంబళి పరిచి, కాఫీ పోసి, ఆయన ముఖం బావివైపు తిప్పి కూర్చోబెట్టారు. ఆ రోజు మోటర్ల రొద ఉండకూడదని బావి ముందు రోజే నింపేసి, నేను పొద్దుటినుంచి స్విచ్చే ముట్టలేదు. మనవలు, మనవరాళ్లు, చుట్టాలు, అందరి చేతుల్లో ఫోన్లు.

పంతులు ఒంటె ముకుతాడు పట్టుకుని బాట దిగాడు. బొక్కెన నిండుగా పైకొచ్చింది. తొండం లోంచి నీళ్లు తళతళా తొట్టిలో దూకాయి. అబ్బ, ఎంత బాగుందో! అందరూ చప్పట్లు కొట్టారు. ఒంటె తిరిగి వచ్చింది, మళ్లీ దిగింది. నా కళ్లు చెమర్చాయి. బాబా వైపు చూశాను. ఆయన తల కొంచెం వంచి, చెవి బావి వైపు పెట్టి, ఓపిగ్గా కూర్చుని ఉన్నాడు.

కాసేపయ్యాక కొడుకు చెయ్యి తడుముకుని, "ఏమిటీ సందడి? ఏం మొదలుపెడుతున్నారు?" అని అడిగాడు.

"మొదలైంది నాన్నా. బావి నడుస్తోంది. ఒంటె తోడుతోంది, నీళ్లు పడుతున్నాయి" అన్నాడు కఫీల్.

బాబా నవ్వాడు. "గిలక ఏడవకుండా బావి ఎలా నడుస్తుంది? అది నడిచిందంటే ఊరవతలికి వినిపించేది. మా అమ్మ ఆ ఏడుపుతోనే మమ్మల్ని నిద్రపుచ్చేది."

మందుల షాపాయన నా వైపు చూశాడు, నేను గిలక వైపు చూశాను. చూపు లేని మనిషికి బావి నడుస్తోందని దేని వల్ల తెలుస్తుంది? ఇంత చిన్న సంగతి మా అందరిలో ఒక్కడి బుర్రకూ తట్టలేదు. కఫీల్ కుర్చీని తొట్టి దగ్గరకు తోసుకెళ్లి ఆయన చెయ్యి నీళ్ల కింద పెట్టాడు. బాబా వేళ్లు కదిపి చూశాడు.

"ఇవి మోటరు నీళ్లు" అన్నాడు. "హిందీ ఎక్కడ? నువ్వే కదూ పైపు పెట్టింది?"

నీళ్లు మోటరువే, ఆ మాట అబద్ధం కాదు. కానీ ఇప్పుడు తోడుతున్నది ఒంటె. అది ఎలా చెప్పాలి? "కాదు బాబా, ఒట్టు, ఒంటెనే. నేను గ్రీజు వెట్టిన, నేనే వెట్టిన, అందుకే అరుస్తలేదు" అన్నాను. అరబ్బీ, ఉర్దూ, తెలుగు అన్నీ కలిసిపోయాయి. ఆయన నా చెయ్యి వెతికి పట్టుకుని తట్టాడు. చిన్నపిల్లలు మట్టితో వండి పెడితే తిన్నట్టు నటిస్తాం చూడండి, అలా తట్టాడు. "మంచి పిల్లలు. ముసలివాడి కోసం శ్రమపడ్డారు. చలిగా ఉంది, ఇంటికి పోదాం" అన్నాడు. కఫీల్ కుర్చీని ఇంటి వైపు తిప్పాడు.

మరునాటి నుంచే గిలక దించి పడ్డాం దాని మీద. వేడినీళ్లు, సబ్బు, ఇసుక, ఎండ. కర్ర లోపలికి ఇంకిన గ్రీజు వస్తే కదా! తిప్పితే గొణిగేది, అంతే. ఇక లాభం లేదని మందుల షాపాయన కొత్తది చెక్కడం మొదలుపెట్టాడు. కర్ర ఆరాలి, ఇరుసు కుదరాలి. బాబా అన్నాళ్లు ఆగలేదు. ఖననం నాడు, మా మతం వేరు కాబట్టి, నేనూ అన్నా శ్మశానం గోడ బయట బండి పక్కన నిలబడ్డాం. పంతులు బయటికి వచ్చి నన్ను కావలించుకున్నాడు. ఆ వెనకడుగుల సలాం ఆ తర్వాత ఎప్పుడూ చెప్పలేదు.

కొత్త గిలక ఇప్పుడు గుండెలవిసేలా ఏడుస్తుంది. శుక్రవారం చూడ్డానికి జనం వస్తారు, చెవులు మూసుకుంటారు, నవ్వుతారు. కొంచెం నూనె వెయ్యకూడదా అని ఎవడో ఒకడు అడుగుతాడు. నాకు ఒళ్లు మండిపోతుంది. పంతులే ముందుకొచ్చి వాళ్లకు ఓపిగ్గా చెప్పుకుంటాడు.

గిలక సంగతికి నా మనసు ఎలాగో సర్దుకుంది. తెలియక చేశాం, అందరం కలిసి చేశాం. సర్దుకోనిది ఇంకోటి ఉంది. బాబా పోయిన వారంలోనే అనుకుంటా, అసర్ వేళ మోటరు గదిలోకి పోయాను. స్విచ్ వేసే ముందు అలవాటుగా మోటరు మీద అరచెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఆ శుక్రవారం కూడా ఇది ఇంతే చల్లగా ఉంది. పొద్దుటినుంచి నేను ముట్టనైనా లేదు. బావి దగ్గర్నుంచి ఈ గది ఎంత దూరమని! కుర్చీ తోసుకొచ్చి ఆయన చేతిని దీని మీద పెడితే అయిపోయేది. కొడుకు మాట నమ్మలేదు, నా ఒట్టు నమ్మలేదు, కానీ ఆ చెయ్యి చెప్పిందాన్ని ఆయన ఏనాడూ కాదనలేదు. మోటరు నడవలేదు, మరి నీళ్లెక్కడివి అని ఆయనే ఆలోచించుకునేవాడు. ముందు నన్ను తిట్టేవాడు కూడా, పొద్దున్నుంచి నిద్రపోయావా హిందీ, అని. ఆ ఒక్క తిట్టు తింటే సరిపోయేది.